టేపు ముక్కలతో కట్టిన పాట

గత సంచికలో ఒక పాఠకురాలు ‘సింథసైజర్ (విద్యుత్తుతో శబ్దాలు పుట్టించే వాయిద్యం) రాకముందు ఎలక్ట్రానిక్ సంగీతం ఉండేదా మేడమ్?’ అని అడిగితే, ‘ఉండేది, డెలియా డార్బిషర్ పని వినండి’ అని ఒక్క ముక్కలో జవాబిచ్చి వదిలేశాను. అప్పట్నుంచీ ఆవిడెవరో చెప్పమంటూ ఉత్తరాలు, మెయిళ్ళు వస్తూనే ఉన్నాయి. ఈసారి శీర్షిక మొత్తం ఆవిడకే ఇస్తున్నాను. రేడియో నాటకాల విభాగంలో చాలాకాలం శబ్దం రికార్డు చేసిన టేపు కోసి అతికించే పనిచేసినదాన్ని కాబట్టి, ఆవిడ గురించి ఎవరడిగినా నాకు సంతోషమే.

ప్రశ్న: డెలియా డార్బిషర్ ఎవరు? ఏ దేశం? ఆమెకి సంగీతం ఇంట్లో నుంచి వచ్చిందా?
– డిగ్రీ విద్యార్థిని, గాజువాక

ఇంగ్లండులో కోవెంట్రీ అనే ఊళ్ళో 1937 మే 5న పుట్టిందమ్మా. కార్ల ఫ్యాక్టరీలకు పేరున్న ఊరు. రెండో ప్రపంచ యుద్ధంలో 1940 నవంబరు 14 రాత్రి జర్మన్ విమానాలు ఆ ఊరిమీద తెల్లవార్లూ బాంబులు వేశాయి. అప్పటికి ఈ పిల్లకి మూడేళ్ళు. దాడికి ముందు మోగే సైరను, ఇక ప్రమాదం లేదని మోగే సైరను, రెండూ చెవిలో ఉండిపోయాయట. ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియని ఆ చప్పుడే తను విన్న తొలి ఎలక్ట్రానిక్ సంగీతమని పెద్దయ్యాక చెప్పింది. ఇంట్లోంచి వచ్చిందా అని కదా అడిగావు. నా లెక్కలో ఆకాశంలోంచి వచ్చింది.

చదువులో చాలా చురుకు. స్కాలర్‌షిప్ మీద కేంబ్రిడ్జిలో గర్టన్ కాలేజీలో చేరి మొదట గణితం, తరవాత సంగీతం చదివింది. 1959లో డిగ్రీ చేతికొచ్చాక డెక్కా రికార్డు కంపెనీలో ఉద్యోగం అడిగితే, రికార్డింగ్ స్టూడియోల్లో ఆడవాళ్ళని తీసుకోమని చెప్పి పంపించేశారు. జెనీవా వెళ్ళి ఐక్యరాజ్యసమితిలో కొన్నాళ్ళు పనిచేసి, లండన్ తిరిగొచ్చి ఒక సంగీత ప్రచురణ సంస్థలో చేరి, 1960లో బీబీసీలో శిక్షణ ఉద్యోగిగా కాలుపెట్టింది. 1962లో తానే అడిగి రేడియోఫోనిక్ వర్క్‌షాప్‌కి మారింది.

ఈ వర్క్‌షాప్ సంగతి కొంచెం చెప్పాలి. రేడియో, టీవీ కార్యక్రమాలకు మామూలు వాయిద్యాలతో రాని ధ్వనులు తయారుచేసి పెట్టడానికి 1958లో బీబీసీ పెట్టిన విభాగం అది. డాఫ్నీ ఓరం అనే మరో మహిళ, డెస్మండ్ బ్రిస్కో కలిసి మొదలుపెట్టారు. ఓరం ఏడాది తిరక్కుండానే ఉద్యోగం వదిలి సొంత స్టూడియో పెట్టుకుంది. ఆమె గురించీ ఒక శీర్షిక రాయాలి. లండన్‌లో మేడా వేల్ అనే పేటలో, ఒకప్పుడు జనం చక్రాల బూట్లతో స్కేటింగ్ చేసిన భవనంలో ఈ విభాగం ఉండేది. డెలియా అక్కడ 11 ఏళ్ళు ఉండి దాదాపు 200 కార్యక్రమాలకు సంగీతం, ధ్వనులు చేసింది.

ప్రశ్న: నేను సౌండ్ ఇంజినీరింగ్ చదువుతున్నాను. సింథసైజర్ లేకుండా, కంప్యూటర్ లేకుండా, కనీసం మల్టీట్రాక్ కూడా లేకుండా అన్ని లేయర్లున్న ‘డాక్టర్ హూ’ ట్యూన్ ఎలా చేశారు? టెక్నికల్‌గా చెప్పండి ప్లీజ్.
– విద్యార్థి, హైదరాబాద్

టెక్నికల్‌గానే చెప్తాను బాబూ, ఓపిగ్గా చదువు.

ముందు తెలియనివాళ్ళ కోసం: ‘డాక్టర్ హూ’ బీబీసీలో 1963 నవంబరు 23న మొదలైన సైన్స్ ఫిక్షన్ సీరియల్. అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ హత్య జరిగిన మర్నాడు. నిర్మాత వెరిటీ లాంబర్ట్. తొలి కథకి దర్శకుడు మన లక్నోలో పుట్టిన వారిస్ హుస్సేన్. టైటిల్ సంగీతానికి ట్యూన్ రాసినాయన రాన్ గ్రైనర్. ఆయన ఇచ్చింది ఒక కాగితం. దానిమీద స్వరాలు, వాటి పక్కన ‘గాలి మబ్బులు’, ‘గాలి బుడగలు’ లాంటి మాటలు. గాలి బుడగ ఎలా మోగుతుందో డెలియా కనిపెట్టాలి.

ఆమె దగ్గరున్న సామాను ఏమిటంటే, ఇంజినీర్లు పరికరాలు పరీక్షించుకోవడానికి ఒకే స్వరం పలికించే టెస్ట్ ఆసిలేటర్లు, ‘స్స్’ మని శబ్దం చేసే వైట్ నాయిస్ జనరేటర్, శబ్దంలో అక్కర్లేనిదాన్ని వడగట్టే ఫిల్టర్లు, టేపు మెషీన్లు, బ్లేడు. సహాయకుడిగా డిక్ మిల్స్. ఇంతే.

కింద ‘డమ్ డడమ్’ అని నడిచే బేస్ వింటావే, అది బిగించిన ఒక తీగని ఒక్కసారి మీటి రికార్డు చేసిన శబ్దం. ఆ ఒక్క శబ్దాన్నే వేర్వేరు వేగాలతో టేపు నడిపి వేర్వేరు స్వరాలుగా మార్చారు. టేపు రెట్టింపు వేగంతో తిప్పితే స్వరం సరిగ్గా పై స్థాయికి వెళ్తుంది. ఒకటిన్నర రెట్లు తిప్పితే షడ్జమం పంచమం అవుతుంది. ఇలా వచ్చిన ప్రతి స్వరాన్నీ మళ్ళీ టేపు మీద ఎక్కించి, కావలసిన పొడవుకు కోసి, ఒకదాని పక్కన ఒకటి అతికించారు. ఇక్కడ లెక్క చూడు. వృత్తిపరమైన మెషీన్లలో టేపు సెకనుకు 15 అంగుళాలు, అంటే సుమారు 38 సెంటీమీటర్లు నడుస్తుంది. పావు సెకను స్వరం కావాలంటే తొమ్మిదిన్నర సెంటీమీటర్ల ముక్క. కాలాన్ని స్కేలు పెట్టి కొలవాలన్నమాట. పైగా వేగం పెంచితే స్వరం పెరగడంతో పాటు శబ్దం పొట్టిదవుతుంది. ఎంత పొట్టిదవుతుందో ముందే లెక్కేసుకుని మొదటి శబ్దం అంత పొడుగ్గా తీసుకోవాలి.

పైన ఈల వేసినట్టు జారే రాగం ఆసిలేటర్ల పని. డయల్ని చేత్తో తిప్పుతూ స్వరం నుంచి స్వరానికి జార్చిందామె. మన గమకం లాగా అనిపిస్తుందంటారు కొందరు. నాకు అలా పోల్చడం ఇష్టం ఉండదు, గమకానికి దాని శాస్త్రం వేరే ఉంది. కానీ చెయ్యి తిప్పే మనిషి ఊపిరి ఆ జారులో వినబడుతుందని మాత్రం ఒప్పుకుంటాను. ‘గాలి మబ్బులు’ వైట్ నాయిస్‌ని ఫిల్టర్లలోంచి పంపగా వచ్చాయి.

ఇప్పుడు నువ్వడిగిన లేయర్లు, అంటే ఒకదానిమీద ఒకటి పరిచిన శబ్దాలు. విడివిడి శబ్దాల్ని ఒకే టేపు మీద పక్కపక్కన పట్టే మల్టీట్రాక్ వాళ్ళకి లేదు కదా. బేస్ ఒక టేపు, రాగం ఒక టేపు, హిస్సులు ఇంకో టేపు. వాటిని వేర్వేరు మెషీన్ల మీద ఎక్కించి, అన్నీ ఒకే క్షణంలో స్టార్ట్ చేసి, వచ్చే కలగలుపు శబ్దాన్ని మరో మెషీన్‌లో పట్టుకోవాలి. ఒక మెషీన్ రవ్వంత ముందు కదిలినా చెడిపోతుంది, మళ్ళీ మొదటికి రావాలి. ఒకసారి అన్నీ సరిగ్గానే స్టార్టయినా ఎక్కడో ఒక స్వరం పక్కకి పోతోంది, ఎక్కడో దొరకడం లేదు. డిక్ మిల్స్ చెప్పిన సంగతిది: టేపుల్ని మేడా వేల్ పొడవాటి వరండాలో నేలమీద పక్కపక్కన పరిచి, వంగి నడుస్తూ అతుకులు పోల్చుకుంటూ వెళ్ళారు. ఒక టేపులో అతుకు పక్కదానికి ఎదురుగా లేకుండా జరిగి ఉంది. తప్పు అక్కడ దొరికింది!

బ్లేడు పని చేసినవాళ్ళకి ఇందులో కష్టం తెలుస్తుంది. టేపుని నిలువుగా కోస్తే అతుకు దగ్గర ‘టక్’ మంటుంది, అందుకని ఏటవాలుగా కోస్తాం. బ్లేడుకి అయస్కాంతం పట్టినా అదే ‘టక్’. మేము నాటకంలో ఒక దగ్గు తీసెయ్యడానికి టేపుని చేత్తో ముందుకీ వెనక్కీ లాగి, దగ్గు ఎక్కడ మొదలైందో చెవితో పట్టి, పెన్సిలుతో గీత పెట్టి కోసేవాళ్ళం. ఒక్క దగ్గుకే మెడ పట్టేసేది. రెండు నిమిషాల పైచిలుకు సంగీతంలో ప్రతి స్వరానికీ ఆ పని చేయడమంటే ఏమిటో నువ్వు ఒకసారి చేసి చూడు. నీ సాఫ్ట్‌వేర్‌లో లూప్, క్వాంటైజ్ ఆపేసి, ఒకే ఒక్క శాంపిల్ తీసుకుని, వేగం మార్చడం, కోయడం తప్ప ఇంకేమీ వాడకుండా ఎనిమిది స్వరాల బేస్ లైన్ కట్టు. ఫలితం ఎలా వచ్చిందో నాకు రాయి.

ప్రశ్న: మేడమ్ గారూ, తప్పుగా అనుకోకండి. ఇరవయ్యేళ్ళుగా ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తున్నాను. ట్యూన్ కట్టినవాడు కంపోజర్, దానికి సౌండ్ పెట్టినవాడు అరేంజర్. ట్యూన్ గ్రైనర్‌దైతే ఆమెని కంపోజర్ అనడం ఎంతవరకు న్యాయం?
– కీబోర్డు కళాకారుడు, రాజమహేంద్రవరం

తప్పుగా ఎందుకనుకుంటానండీ, అడగవలసిన ప్రశ్నే. దీనికి జవాబు గ్రైనర్ గారే చెప్పారు. పూర్తయిన సంగీతం మొదటిసారి విని ఆయన ‘ఇది నేను రాసిందేనా?’ అని అడిగారు. డెలియా ‘చాలావరకు’ అంది. ఆయన అక్కడితో ఊరుకోలేదు. డెలియాని తనతోపాటు స్వరకర్తగా చూపించాలని, రాయల్టీలో సగం ఆమెకివ్వాలని అడిగారు. బీబీసీ నియమాలు ఒప్పుకోలేదు. వర్క్‌షాప్ ఉద్యోగులకి వ్యక్తిగతంగా పేరు వేయరు, విభాగం పేరే వేస్తారు. కాబట్టి తెరమీద రాన్ గ్రైనర్ పేరు, పక్కన రేడియోఫోనిక్ వర్క్‌షాప్ పేరు పడ్డాయి. డెలియాకి దక్కింది నెల జీతం. ఆమె చేసిన ఆ రూపం చిన్నచిన్న మార్పులతో 1980 దాకా నడిచింది. ఆమె పేరు ఆ సీరియల్ తెరమీద మొదటిసారి కనబడింది 2013లో, 50 ఏళ్ళ ప్రత్యేక కథలో. గ్రైనర్ 1981లో పోయారు, డెలియా 2001లో పోయింది. ఇద్దరూ చూడలేదు.

మీ మాటలోకే వస్తాను. మీరు వాయించే వేదిక మీద అరేంజర్‌కి కొన్ని శబ్దాలు సిద్ధంగా ఉంటాయి: వయొలిన్లు, ఫ్లూటు, తబలా. ఏది ఎక్కడ రావాలో ఆయన నిర్ణయిస్తాడు. అది పెద్ద విద్యే. కానీ ఇక్కడ వాయిద్యమే లేదు. వాయిద్యాన్ని తయారుచేసి, దాని గొంతు ఎలా ఉండాలో, ఎంతసేపు మోగి ఎలా ఆగాలో ప్రతి స్వరానికీ విడివిడిగా నిర్ణయించిన మనిషి డెలియా. ఆ కాగితాన్ని ఇంకొకరికిస్తే వేరే సంగీతం వచ్చేది. ట్యూన్ హమ్ చేస్తే గ్రైనర్, రికార్డు వింటే ఇద్దరూ. నా అభిప్రాయం ఇది, గట్టి అభిప్రాయమే. ఎలక్ట్రానిక్ సంగీతంలో శబ్దం చేయడం కూడా రచనే. మన క్యాసెట్ కవర్ల మీద సంగీత దర్శకుడు, గాయకులు తప్ప వాయించినవాళ్ళ పేర్లు అరుదుగా ఉండేవి. మీరు వాయించిన పాటకి మీ పేరు లేకపోతే మీకెలా ఉంటుందో నాకంటే మీకే బాగా తెలుసు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆవిడ గొప్పతనం ఈ ఒక్క టైటిల్ సంగీతంతో కొలవడం నాకు నచ్చదు. అది గ్రైనర్ ట్యూన్ కాబట్టి వాదన ఎప్పుడూ అక్కడే తిరుగుతుంది. మొత్తం తనదే అయిన పని చాలా ఉంది, చివర్లో చెప్తాను.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ. వీణ కూడా బాగా వాయిస్తుంది. రెండు పడవల మీద కాళ్ళెందుకు, వీణ మానిపించెయ్యమని మా అత్తగారు, ఆడపడుచులు. పిల్లకి ఒకటే టెన్షన్. మీరు చెప్పే ఆవిడ లెక్కలూ సంగీతమూ రెండూ చదివిందట కదా, ఆమెకు లెక్కలు నిజంగా ఉపయోగపడ్డాయా, లేక ఊరికే డిగ్రీయేనా?
– గృహిణి, నెల్లూరు

రోజూ ఉపయోగపడ్డాయమ్మా. ఒక ఉదాహరణ చెప్తాను, మీ అమ్మాయికి చదివి వినిపించండి.

1967లో సహారా ఎడారిలోని తువారెగ్ జాతి మీద బీబీసీ ఒక డాక్యుమెంటరీ తీసింది. ఒంటెల బారు ఎండలో మెల్లగా కదిలి వెళ్ళే దృశ్యానికి డెలియా సంగీతం చేయాలి. వర్క్‌షాప్‌లో ఆకుపచ్చ రంగు పాత లోహపు లాంప్ షేడ్ ఒకటుండేది. కొడితే కంగుమని చక్కగా మోగేది, ఆవిడకి ఎంతో ఇష్టం. దాన్ని కొట్టి రికార్డు చేసింది. గుడిలో కంచు గంట కొట్టినప్పుడు ముందు దెబ్బ వినబడుతుంది, తరవాత చాలాసేపు మోత సాగుతుంది చూడండి, అలాగే ఇందులోనూ రెండూ ఉన్నాయి. ఆవిడ దెబ్బని తీసేసి మోతని ఉంచుకుంది. ఆ మోతలో ఏయే ఫ్రీక్వెన్సీలు ఎంతెంత బలంగా ఉన్నాయో విడగొట్టి, గట్టిగా ఉన్న 12 ఎంచుకుని, వర్క్‌షాప్‌లో ఉన్న 12 ఆసిలేటర్లతో ఒక్కొక్కటీ పలికించి మళ్ళీ కలిపింది. ఎండకి అలలలా కదిలే గాలిలా ఉంటుంది ఆ శబ్దం. ఒంటెల అడుగుల చప్పుడు తన గొంతునే రికార్డు చేసి ముక్కలు చేసి తయారుచేసింది.

ఆ విడగొట్టడం, కలపడం గణితమే. ఇంటర్‌లో సైన్ తరంగాలు, ఫిజిక్సులో సాగదీసిన తీగ కంపనాలు చదువుతారు కదా, అవే. వీణ మీద మోగే తీగని దాని పొడవులో సరిగ్గా సగంలో నొక్కితే పై షడ్జమం ఎందుకొస్తుందో మీ అమ్మాయిని అడగండి. జవాబు ఆమె పాఠ్యపుస్తకంలో ఉంది, వేలికీ తెలుసు. మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పి, పిల్ల చేత ఆ మెట్టు వాయించి చూపించండి. పరీక్షలప్పుడు సాధన తగ్గిస్తే తగ్గించండి, మానిపించకండి.

ప్రశ్న: అంత పేరున్న ఆవిడ ఉద్యోగం ఎందుకు వదిలేసింది?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, వరంగల్

గురువుగారూ, అప్పటికి పేరు లేదండీ. పేరు తరవాత వచ్చింది.

1960ల చివర్లో ఆవిడ బీబీసీ బయట కూడా చాలా చేసింది. బ్రయాన్ హాజ్‌సన్, పీటర్ జినోవియెఫ్‌లతో కలిసి యూనిట్ డెల్టా ప్లస్ అనే బృందం నడిపింది. డేవిడ్ వోర్‌హాస్‌తో కలిసి ‘వైట్ నాయిస్’ పేరిట 1969లో ‘యాన్ ఎలక్ట్రిక్ స్టార్మ్’ అనే రికార్డు చేసింది. ఆ తరవాత వర్క్‌షాప్‌లోకి సింథసైజర్లు వచ్చాయి. భవనం డెలావేర్ రోడ్డులో ఉంది కాబట్టి, గోడంత ఉన్న ఒక సింథసైజర్‌కి ‘డెలావేర్’ అనే పేరు పెట్టుకున్నారు. పని తొందరగా తెమలాలి, ఎక్కువ కార్యక్రమాలకు అందాలి. ఒక్కో శబ్దాన్ని చేత్తో చెక్కే మనిషికి అది సరిపడలేదు. సింథసైజర్ శబ్దాలు ఆవిడకి నచ్చలేదు. 1973లో వెళ్ళిపోయింది. కుంబ్రియా ప్రాంతంలో గ్యాస్ పైపులైన్ వేస్తుంటే అక్కడ రేడియో ఆపరేటర్‌గా చేసింది. తరవాత ఒక ఆర్ట్ గ్యాలరీలో, పుస్తకాల షాపులో పనిచేసింది. 1990ల చివర్లో పీటర్ కెంబర్ అనే యువ సంగీతకారుడు వెతుక్కుంటూ వచ్చాక మళ్ళీ ధ్వనుల మీద ఉత్సాహం పుట్టింది. కానీ 2001 జులై 3న నార్తాంప్టన్‌లో చనిపోయింది. 64 ఏళ్ళు.

ఆవిడ పోయాక ఇంటి అటక మీద 267 టేపులు దొరికాయి. చాలావాటి మీది చీటీలు ఊడిపోయాయి, ఏది ఏమిటో పోల్చుకోవాలి. 2007లో అవి మాంచెస్టర్ విశ్వవిద్యాలయానికి చేరాయి, డిజిటల్‌గా మార్చారు. వాటిలో 1960ల చివరి నాటి ఒక ముక్క ఉంది. 2008లో అది బయటికొచ్చినప్పుడు, ఆర్బిటల్ అనే బృందంలోని పాల్ హార్ట్‌నాల్ వచ్చే వారం విడుదల చేసినా కొత్త పాటలా చెల్లుతుందన్నాడు. యంత్రాల తాళంతో సాగే టెక్నో అనే డాన్సు సంగీతం పుట్టడానికి ఎన్నో ఏళ్ళ ముందు చేసిన ముక్క అది. కోవెంట్రీలో ఇప్పుడు ఆవిడ పేరుతో ఒక వీధి, ఆవిడ ఇంటికి స్మారక ఫలకం ఉన్నాయి.

ప్రశ్న: ఆ రోజుల్లో మన దేశంలో ఎవరైనా ఇలాంటివి చేశారా?
– బ్యాంకు ఉద్యోగి, తిరుపతి

చేశారండీ. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో 1969లో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ వచ్చి మూగ్ సింథసైజర్‌తో ఒక స్టూడియో నెలకొల్పాడు. పఖవాజ్ అనే మృదంగం లాంటి వాయిద్యం నేర్చిన గీతా సారాభాయి, ఇంకా కొందరు భారతీయులు అందులో 1972 దాకా పనిచేశారు. ఆ టేపులూ దశాబ్దాలు అక్కడే ఉండిపోయి, పాల్ పర్గాస్ అనే బ్రిటిష్ కళాకారుడు వెతికి తీశాక ఈ మధ్యే రికార్డుగా వచ్చాయి. మన ఊళ్ళలో పాత స్పూల్ టేపులున్నవాళ్ళెవరైనా ఉంటే దయచేసి తూకానికి వేయకండి. తేమ తగలకుండా నిలువుగా పెట్టి, స్పీకర్లకి దూరంగా ఉంచండి. వాటిలో అయస్కాంతం ఉంటుంది.

ప్రశ్న: మొదటిసారి వినేవాళ్ళు దేనితో మొదలుపెట్టాలి?
– పాఠకురాలు, బెంగళూరు

‘డాక్టర్ హూ’ 1963 రూపంతో మొదలుపెట్టండి, రెండు నిమిషాల పని. తరవాతి దశాబ్దాల్లో కొత్త వాయిద్యాలతో చేసినవి కూడా దొరుకుతాయి, పొరపాటున వాటిని వింటే నేను ఇంత సేపు చెప్పిందేదీ వినబడదు. సంవత్సరం చూసుకోండి. తరవాత ఒంటెల సంగీతం, ‘బ్లూ వెయిల్స్ అండ్ గోల్డెన్ శాండ్స్’. ఫోను స్పీకరులో వద్దు, అందులో కింది స్వరాలు రావు. ఆపైన ‘ద డ్రీమ్స్’. బ్యారీ బెర్మాంజ్ అనే రచయిత మామూలు మనుషుల చేత వాళ్ళ కలలు చెప్పించి రికార్డు చేస్తే, ఆ గొంతుల కింద డెలియా ధ్వనులు పరిచింది. 1964 జనవరిలో ప్రసారమైంది. పారిపోవడం, పడిపోవడం, నేల, నీటి అడుగు, రంగు అని ఐదు భాగాలు. ఇంగ్లీషు గొంతులు కాబట్టి మొదట్లో మాటలు అందకపోవచ్చు, ఫర్వాలేదు. ‘పడిపోవడం’ భాగం ముందు వినండి, అది మాటలు అందకపోయినా అర్థమవుతుంది. రాత్రి పడుకోబోయే ముందు మాత్రం వద్దు, కొందరికి భయమేస్తుంది. పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు.